మూసుకుపోయిన పిత్తనాళాలలో స్టెంట్ల అమరిక: పద్ధతులు, ఎంపిక, తిరిగి రావలసిన దూరం

వ్యాససంగ్రహం

పిత్తనాళం మూసుకుపోయినప్పుడు లోపల సన్నని గొట్టాన్ని అమర్చి పిత్తరసానికి దారి కల్పించడం గత నాలుగున్నర దశాబ్దాలలో స్థిరపడిన చికిత్స. నోటి ద్వారా, చర్మం ద్వారా, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ద్వారా సాగే మూడు మార్గాలను, ప్లాస్టిక్, లోహ స్టెంట్ల మధ్య భేదాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఉత్తరాంధ్రకు, దక్షిణ ఒడిశాలోని కొన్ని ప్రాంతాలకు వైద్యకేంద్రంగా ఉన్న విశాఖపట్నాన్ని నేపథ్యంగా తీసుకొని, రోగి గడువులోగా తిరిగి రాగలడా అన్న ప్రశ్న స్టెంటు ఎంపికలో సాంకేతిక ప్రశ్నలతో సమానమైనదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పిత్తనాళం, అవరోధ కామెర్లు, స్టెంటు, ఈఆర్‌సీపీ, నిటినాల్, విశాఖపట్నం

ఉపోద్ఘాతం

కామెర్లు, పచ్చకామెర్లు, పసిరికలు అని తెలుగువారు ప్రాంతాన్ని బట్టి పిలిచేది నిజానికి ఒక వ్యాధి కాదు, ఒక లక్షణం. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థం పెరిగితే కంటి తెల్లగుడ్డు, చర్మం పచ్చబడతాయి. ఆరోగ్యవంతులలో ఇది డెసిలీటరు రక్తానికి సుమారు 1 మిల్లీగ్రాము వరకు ఉంటుంది. మూడు దాటేసరికి ఇంటివారికి కంటబడుతుంది. వైరస్ వల్ల కాలేయం వాచినప్పుడూ కళ్లు పచ్చబడతాయి, కాలేయం నుంచి బయటికి వచ్చే దారి మూసుకుపోయినప్పుడూ పచ్చబడతాయి. భాషలో రెండింటికీ ఒకటే పేరు. చికిత్సలో మాత్రం ఈ రెండింటికీ పోలిక లేదు.

పసరు మందుకు పల్లెల్లో నేటికీ ఉన్న ప్రతిష్ఠకు మూలం ఇక్కడే ఉంది. హెపటైటిస్-ఎ వంటి వైరస్ కామెర్లు చాలామందిలో కొన్ని వారాలలో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాలలో తాగిన నేల ఉసిరి పసరుకు ఆ పేరు దక్కుతుంది. అదే నమ్మకంతో, నాళం మూసుకుపోయిన మనిషి కూడా పసరు తాగుతూ, పథ్యం చేస్తూ నెల, రెండు నెలలు గడుపుతాడు. అతనిలో పసుపు తగ్గదు. మలం సున్నం రంగుకు తిరుగుతుంది, మూత్రం ముదురుతుంది, ఒళ్లంతా దురద పుడుతుంది. చలితో కూడిన జ్వరం వచ్చిందంటే నిలిచిన పిత్తంలో సూక్ష్మజీవులు చేరి రక్తంలోకి పాకుతున్నాయని అర్థం. ఆ స్థితిలో ఆలస్యాన్ని రోజులతో కాదు, గంటలతో లెక్కించాలి.

నాళం, అవరోధం

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు వరకు పిత్తరసాన్ని స్రవిస్తుంది. కుడి, ఎడమ భాగాల నుంచి వచ్చే రెండు నాళాలు కాలేయ ద్వారం వద్ద కలుస్తాయి. పిత్తాశయం నుంచి వచ్చే కొమ్మ దిగువన చేరుతుంది. ఏర్పడిన ఉమ్మడి నాళం క్లోమగ్రంథి తల గుండా దిగి, ఆంత్రమూలం గోడలో ఒక చిన్న బొడిపె వద్ద తెరుచుకుంటుంది. జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు అబ్రహాం వేటర్ పేరుతో వ్యవహరించే ఆ బొడిపె చుట్టూ సంవరిణీ కండరం ఒకటి ఉంటుంది. క్లోమరసం తెచ్చే నాళం కూడా అక్కడే తెరుచుకుంటుంది. చికిత్సలో ఎదురయ్యే ప్రధాన ప్రమాదానికి ఈ ఇరుగుపొరుగుతనమే కారణం.

అడ్డు ఎక్కడ ఉంది, ఏమిటి అన్న రెండు విషయాలు తేలనిదే గొట్టం మాట ఎత్తరాదు. రాయి అయితే తీసివేయవచ్చు. స్టెంటు అవసరమైనా తాత్కాలికమే. పిత్తాశయ శస్త్రచికిత్సలో గాయపడి సన్నబడిన నాళం, దీర్ఘకాల క్లోమశోథ వల్ల బిగుసుకున్న నాళం నిరపాయ సంకోచాల కిందికి వస్తాయి. క్లోమం తలలోనో, నాళంలోనో, పిత్తాశయంలోనో పుట్టిన క్యాన్సర్ నొక్కినప్పుడు లెక్క మారుతుంది. అల్ట్రాసౌండ్, సీటీ, ఎంఆర్‌సీపీ పరీక్షలు అడ్డు పటాన్ని ముందుగానే గీసి ఇస్తాయి. పిత్తం పేగుకు చేరనప్పుడు విటమిన్-కె శోషణ తగ్గి రక్తం గడ్డకట్టే గుణం మందగిస్తుంది. కనుక ప్రక్రియకు ముందు ఆ పరీక్ష చేసి, అవసరమైతే విటమిన్-కె సూది ఇవ్వడం ఆనవాయితీ.

నోటి ద్వారా: ఈఆర్‌సీపీ

1968లో అమెరికాలో విలియం మెక్యూన్ బృందం ఎండోస్కోపు ద్వారా ఆ బొడిపెలోకి సన్నని గొట్టాన్ని పంపి ఎక్స్‌రే చిత్రాలు తీసింది. 1974లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగ్, జపాన్‌లో కవాయి వేర్వేరుగా విద్యుత్ తీగతో సంవరిణీ కండరాన్ని కోసే పద్ధతిని ప్రకటించారు. అప్పటివరకు చూడడానికి మాత్రమే పనికివచ్చిన సాధనం దానితో చికిత్సా సాధనమయింది. 1979లో, ఇండోనేషియాలో పుట్టి జర్మనీలోని హాంబర్గ్‌లో పనిచేస్తున్న నిబ్ సోహెంద్ర, క్యాన్సర్‌తో మూసుకుపోయిన నాళంలో ఎండోస్కోపు ద్వారా ప్లాస్టిక్ గొట్టాన్ని నిలిపాడు. ఇంతకీ స్టెంటు అన్న మాట వైద్యానిదైనా, అది పంతొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల దంతవైద్యుడు చార్లెస్ స్టెంట్ ఇంటిపేరు. ఆయన కనిపెట్టింది పళ్ల అచ్చు తీసే ముద్దను!

ప్రక్రియ సాగే తీరు ఇది. రోగిని మత్తులో బోర్లా పడుకోబెట్టి, ముందుకు కాక పక్కకు చూసే కెమెరా ఉన్న ఎండోస్కోపును నోటి గుండా, జీర్ణాశయం దాటించి ఆంత్రమూలంలోకి దింపుతారు. బొడిపె ఎదురుగా కనిపించాక, దాని రంధ్రంలోకి సన్నని కాన్యులాను, అందులోంచి మిల్లీమీటరు కన్నా సన్నని గైడ్‌వైరును పంపుతారు. నైపుణ్యానికంతటికీ పరీక్ష ఈ ఘట్టమే. వైరు పైకి, కాలేయం వైపు సాగాలి. ఏమాత్రం పక్కకు వంగినా క్లోమనాళంలోకి పోతుంది. ఎక్స్‌రే తెరపై వైరు దారి చూసి, అది పిత్తనాళంలోనే ఉందని రూఢి చేసుకున్నాకే కాంట్రాస్టు ద్రవాన్ని ఎక్కిస్తారు. అడ్డును దాటి వైరు పైకి చేరితే సగం పని అయినట్టే. తరువాతి పరికరాలన్నీ ఆ వైరు మీదుగానే ఎక్కుతాయి.

ప్లాస్టిక్ స్టెంటు పొడవును తెరపై కొలిచి ఎంచుకుంటారు. పై కొన అడ్డుకు పైన సుమారు సెంటీమీటరు, కింది కొన ఆంత్రమూలంలో అంతే ఉండాలి. పొట్టిదైతే అడ్డు నిలిచే ఉంటుంది. మరీ పొడుగైతే కింది కొన పేగు ఎదుటి గోడకు ఒరుసుకొని పుండు చేయవచ్చు, అరుదుగా చిల్లు కూడా చేయవచ్చు. రెండు కొనల దగ్గర చెక్కిన రెక్కలు అది జారకుండా పట్టి ఉంచుతాయి. లోహ స్టెంటు వేరు. అది సన్నని తొడుగులో ముడుచుకొని వెళ్తుంది; తొడుగును వెనక్కి లాగితే విచ్చుకుంటుంది. కొన్ని రకాల అల్లికలు విచ్చుకునేటప్పుడు పొడవు తగ్గుతాయి కాబట్టి ఆ తగ్గుదలను ముందే లెక్కలోకి తీసుకోవాలి.

క్లోమశోథ ఈ ప్రక్రియకు పరిచిత దుష్ఫలితం. 2012లో అమెరికా నుంచి వెలువడిన ఎల్మంజర్ బృంద పరిశోధనలో, ఎక్కువ ముప్పు ఉన్న 602 మందిలో కొందరికి ప్రక్రియ ముగిసిన వెంటనే మలద్వారం ద్వారా ఇండోమెథసిన్ ఇచ్చారు. మందు లేని వర్గంలో 16.9 శాతంగా ఉన్న క్లోమశోథ, మందు పొందిన వర్గంలో 9.2 శాతానికి తగ్గింది. ఖరీదైన పరికరాలతో సాగే విద్యలో ఇంత మేలు చేసినది అతి చవకైన మాత్ర కావడం గమనార్హం.

ప్లాస్టిక్కు, లోహం

గొట్టం మందాన్ని ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. ఎండోస్కోపులో పరికరాలు వెళ్లే సొరంగం 4.2 మిల్లీమీటర్లే కావడంతో, వాడుకలో ఉన్న ప్లాస్టిక్ స్టెంటు 10 ఫ్రెంచ్, అంటే 3.3 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. లోహ స్టెంటు ఆ సొరంగంలో ముడుచుకొని వెళ్లినా, లోపల 8 నుంచి 10 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. ద్రవ ప్రవాహం గొట్టపు వ్యాసార్ధపు నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుందని ప్వాజాయ్ సూత్రం చెబుతుంది. వెడల్పు మూడింతలైతే సిద్ధాంతరీత్యా ప్రవాహం 81 రెట్లు! పిత్తం పరిశుద్ధ జలం కాదు కనుక దేహంలో ఆ లెక్క అచ్చంగా నడవదు గాని, తేడా ఎంతటిదో ఆ అంకె సూచిస్తుంది.

ఉక్కునగరంలో ఈ విచ్చుకునే గుణాన్ని వివరించడం సులువు. ఉక్కును ఎర్రగా కాల్చి చటుక్కున చల్లార్చితే లోపలి స్ఫటిక నిర్మాణం మార్టెన్‌సైట్‌గా మారి గట్టిపడుతుందని లోహశాస్త్రం చదివినవారికి తెలుసు. నికెల్, టైటానియంల మిశ్రమమైన నిటినాల్‌లోనూ ఆ పేరుతోనే ఒక స్థితి ఉంది. కాని ఇందులో అది మెత్తని, లొంగే స్థితి. తొడుగులో బిగించినప్పుడు లోహం ఆ స్థితిలోకి ఒదుగుతుంది. వదలగానే, దేహపు వెచ్చదనంలో, మొదట నేర్పిన ఆకారానికి తిరిగి వస్తుంది. అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో పుట్టింది కనుక దాని పేరులోని చివరి అక్షరాలు ఆ ప్రయోగశాలవే. తొలినాటి లోహ స్టెంట్లు మాత్రం ఉక్కు తీగల అల్లికలే.

ప్లాస్టిక్ స్టెంటు ఎందుకు మూసుకుపోతుందన్నది ఇంకా ఆసక్తికరమైన ప్రశ్న. సంవరిణీ కండరం ఉన్నంతకాలం పేగులోని సూక్ష్మజీవులు నాళంలోకి సులభంగా ఎక్కలేవు. స్టెంటు ఆ తలుపును నిత్యం తెరిచి ఉంచుతుంది. ఎగబాకిన సూక్ష్మజీవులు గొట్టం లోపలి గోడపై జిగురుపొరగా స్థిరపడతాయి. వాటి ఎంజైములు బిలిరుబిన్‌ను కరగని రూపానికి మారుస్తాయి. అది కాల్షియంతో కలిసి బురదగా పేరుకుంటుంది. విశాఖ ఓడరేవు చరిత్ర ఎరిగినవారికి ఇది కొత్త కథ కాదు. 1933లో రేవు తెరవడానికి ముందు, తీరం వెంట కొట్టుకువచ్చే ఇసుకను ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట నిర్మించారు. అయినా ఇసుకను తవ్వి తీయడం నేటికీ ఆగలేదు. ప్లాస్టిక్ స్టెంటు కూడా అటువంటి కాలువే. మూడు నాలుగు నెలలకు దాన్ని మార్చాలి. యాంటీబయాటిక్‌లతో, పిత్తాన్ని పలుచన చేసే మందులతో ఆ గడువును పొడిగించడానికి జరిగిన ప్రయత్నాలు చెప్పుకోదగ్గ ఫలితమివ్వలేదు.

1992లో డేవిడ్స్ బృందం నెదర్లాండ్స్ నుంచి ప్రకటించిన తులనాత్మక పరిశోధనలో, క్యాన్సర్ అడ్డులకు పెట్టిన ప్లాస్టిక్ స్టెంటు పనిచేసిన మధ్యస్థ కాలం 126 రోజులు. లోహ స్టెంటుది 273 రోజులు. లోహానికీ దాని బలహీనతలున్నాయి. పూతలేని జాలీ కన్నుల గుండా కణితి లోపలికి పెరుగుతుంది. కొద్దివారాలలో అది కణజాలంలో కూరుకుపోతుంది కనుక తిరిగి తీయడం దాదాపు అసాధ్యం. అందువల్ల వ్యాధి క్యాన్సరేనని నిర్ధారణ కాకముందు పూతలేని లోహ స్టెంటు వేయడాన్ని గట్టిగా తప్పుపట్టాలి. పూత ఉన్నదానిలోకి కణితి పెరగదు, దాన్ని తీయనూ వచ్చు. కాని అది జారిపోవచ్చు. పిత్తాశయపు కొమ్మను మూసి పిత్తాశయశోథ తేవచ్చు.

కాలేయ ద్వారం వద్ద

రెండు నాళాలు కలిసేచోట అడ్డు పడితే పని మరింత చిక్కవుతుంది. బిస్మత్, కోర్లెట్‌లు 1975లో చేసిన వర్గీకరణ, అడ్డు కలయికకు దిగువన ఉందా, కలయికను తాకిందా, కొమ్మలలోకి పాకిందా అన్నదాన్ని బట్టి సాగుతుంది. ఇక్కడ ఒకే గొట్టం కాలేయంలో ఒక భాగానికే దారి ఇస్తుంది. ఎంత భాగం ఖాళీ అవుతుందన్నది ముఖ్యం. సగానికి మించిన కాలేయానికి దారి దొరికితే ఫలితం మెరుగని ఫ్రెంచి పరిశోధకులు 2010లో చూపారు. రెండు స్టెంట్లను పక్కపక్కన నిలపవచ్చు, లేదా ఒకదాని జాలీ కన్నులోంచి రెండవదాన్ని పంపి ఆంగ్ల వై అక్షరంలా అమర్చవచ్చు. తప్పక పాటించవలసిన నియమం ఒకటుంది: గొట్టం వేయలేని కొమ్మలోకి కాంట్రాస్టు ద్రవాన్ని ఎక్కించరాదు. బయటికి దారిలేని ఆ ద్రవం వెంట సూక్ష్మజీవులు చేరి, రాక ముందు లేని జ్వరాన్ని రోగికి అంటగడతాయి.

చర్మం గుండా, గోడ గుండా

బొడిపె వద్దకు చేరలేనప్పుడు, కాలేయ ద్వారం వద్ద అడ్డు క్లిష్టంగా ఉన్నప్పుడు చర్మం ద్వారా వెళ్లే మార్గం ఆదుకుంటుంది. అల్ట్రాసౌండ్ చూస్తూ పక్కటెముకల మధ్య నుంచో, ఉదరం పైభాగం నుంచో సన్నని సూదిని కాలేయంలోని ఉబ్బిన నాళంలోకి గుచ్చుతారు. వైరు పంపి, దారిని వెడల్పు చేసి, గొట్టం నిలుపుతారు. మొదట సంచిలోకి పిత్తాన్ని పారనిచ్చి, కొన్ని రోజులకు లోపల స్టెంటు వేయవచ్చు. బయటి గొట్టంతో ఇంటికి వెళ్లిన రోగికి రోజూ కట్టు మార్చుకోవడం, స్నానం, పొలం పని, బస్సు ప్రయాణం అన్నీ సమస్యలే. రోజుకు అర లీటరు పిత్తం బయటికి పోతే లవణాలూ పోతాయి.

మూడవ మార్గం నూతనమైనది. 2001లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో జొవన్నీనీ, ఎండోస్కోపు కొనకు అమర్చిన అల్ట్రాసౌండ్‌తో ఆంత్రమూలపు గోడ నుంచే పిత్తనాళాన్ని గుర్తించి, గోడలోంచి సూది గుచ్చి నేరుగా స్టెంటు వేశాడు. బొడిపె జోలికి పోదు కనుక క్లోమం కదిలే అవకాశం తక్కువ; గోడలు దాటే చోట పిత్తం కారడం దీని సొంత ముప్పు. 2023లో వెలువడిన ఒక బహుకేంద్ర పరిశోధనలో, దిగువ భాగపు క్యాన్సర్ అడ్డులున్న 155 మందిలో ఈ పద్ధతి 96.2 శాతం మందిలో సాంకేతికంగా సఫలమయింది, ఈఆర్‌సీపీ 76.3 శాతం మందిలో. ఏడాదిపాటు స్టెంట్లు తెరిచి ఉండడంలో మాత్రం రెండింటికీ గణనీయమైన తేడా కనిపించలేదు. అనుభవజ్ఞులు చేసిన ప్రక్రియల అంకెలివి. అన్నిచోట్లా ఇవే వస్తాయని అనుకోరాదు.

అడ్డు ఉన్నంత మాత్రాన గొట్టం వేయాలన్న నియమమూ లేదు. శస్త్రచికిత్సకు అర్హులైన, క్లోమం తలలో క్యాన్సర్ ఉన్న 202 మందిపై డచ్ పరిశోధకులు 2010లో ప్రకటించిన అధ్యయనంలో, ముందు స్టెంటు వేసి తరువాత కోత పెట్టినవారిలో 74 శాతం మందికి తీవ్ర దుష్ఫలితాలు కలిగాయి; నేరుగా శస్త్రచికిత్సకు వెళ్లినవారిలో అది 39 శాతమే. జ్వరం ఉన్నప్పుడు, కామెర్లు మరీ ముదిరినప్పుడు, కీమోథెరపీ ముందుగా ఇవ్వవలసినప్పుడు స్టెంటు తప్పదు. శస్త్రచికిత్స త్వరగా దొరికే చోట మాత్రం పసుపు తగ్గించే తొందర రోగికి కీడు చేయవచ్చు.

తిరిగి రావలసిన దూరం

విశాఖపట్నంలో 1845లో డిస్పెన్సరీగా మొదలైన వైద్యాలయం 1923లో నేటి కింగ్ జార్జ్ ఆసుపత్రిగా రూపుదిద్దుకుంది. ఆ ఏడాదే ప్రారంభమైన వైద్యకళాశాల నేటి ఆంధ్ర వైద్య కళాశాల. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అరకు మన్యం నుంచి, ఒడిశాలోని కొరాపుట్ వైపు నుంచి రోగులు ఈ నగరానికి వస్తారు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదట ప్రవేశించిన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. చికిత్స వ్యయం పథకం భరించినా ప్రయాణం, వెంట వచ్చేవారి కూలి నష్టం, బస ఖర్చు కుటుంబం మీదనే పడతాయి.

ఈ నేపథ్యంలో స్టెంటు ఎంపికను మళ్ళీ చూడాలి. ప్లాస్టిక్ స్టెంటు చవక, లోహ స్టెంటు దానికి ఎన్నో రెట్లు ఖరీదు. ఒక్క ప్రక్రియనే లెక్కిస్తే ప్లాస్టిక్కే గెలుస్తుంది. కాని మూడు నెలలకోసారి ఘాటు రోడ్డు దిగి రావలసిన మనిషి విషయంలో ప్రక్రియల సంఖ్య, మధ్యలో మూసుకుపోయి జ్వరంతో చేరవలసిన సందర్భాలు, వాటి యాంటీబయాటిక్‌లు కలిపితే లెక్క తారుమారవుతుంది. దీర్ఘకాల క్లోమశోథ వల్ల నాళం సన్నబడినవారిపై జరిగి, 2021లో వెలువడిన ఒక బహుకేంద్ర పరిశోధన ఇందుకు ఆధారమిస్తుంది. దాని ప్రథమ రచయిత హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీకి చెందిన మోహన్ రామ్‌చందానీ. 164 మందిలో కొందరికి పక్కపక్కన అనేక ప్లాస్టిక్ స్టెంట్లు, మిగతావారికి పూర్తి పూత ఉన్న ఒక లోహ స్టెంటు వేశారు. రెండేళ్లకు సంకోచం తగ్గినవారి శాతం రెండు వర్గాలలోనూ దాదాపు సమానం, 77.1, 75.8. ఈఆర్‌సీపీల సగటు మాత్రం ప్లాస్టిక్ వర్గంలో 3.9, లోహ వర్గంలో 2.1. పరిశోధనాపత్రంలో ఆ తేడా దశాంశాలలో ఉంది. అరకు నుంచి వచ్చే కుటుంబానికి అది రెండు ప్రయాణాలు, రెండుసార్లు మత్తు.

పూత ఉన్న లోహ స్టెంటుకూ గడువుంది. నిరపాయ సంకోచాలలో దాన్ని ఏడాది లోపల తీసివేయాలి. గడువు మరచిన స్టెంట్లు భారతీయ వైద్య సాహిత్యంలో పదేపదే కనిపించే అధ్యాయం: పసుపు తగ్గింది, దురద పోయింది, ఆకలి వేసింది, మనిషి పనిలో పడ్డాడు, గొట్టం లోపలే ఉండిపోయింది. ఏళ్ల తరువాత అదే కేంద్రంగా రాయి పెరిగి, ఎండోస్కోపుతో ఊడిరాక, కొందరిలో ఉదరం తెరవవలసి వస్తుంది. మొదటి ప్రక్రియ అరగంటలో ముగిసి ఉండవచ్చు.

దీనికి కారణం రోగి నిర్లక్ష్యమని తేల్చివేయడం సులభం, న్యాయం కాదు. ఆసుపత్రుల డిశ్చార్జి పత్రాలు సాధారణంగా ఆంగ్లంలో ఉంటాయి. స్టెంటు అన్న మాటను చాలామంది గుండెకు సంబంధించినదిగా ఎరుగుదురు. గుండెలో వేసినదాన్ని తీయరు. తన కాలేయం కింద వేసినది తీయవలసిన వస్తువని రోగికి ఎవరైనా అతని మాటల్లో చెప్పాలి. గొట్టం రకం, పెట్టిన తేదీ, తీయవలసిన తేదీ, చలిజ్వరం వచ్చినా కళ్లు తిరిగి పచ్చబడినా అదే రోజు రావాలన్న సూచన: ఈ నాలుగింటికి తెలుగులో నాలుగు పంక్తులు సరిపోతాయి. అరకు లోయలో ఇళ్లలో మాట్లాడేది కువి, ఆదివాసీ ఒడియా వంటి భాషలు కనుక అక్కడికి వెళ్లే కాగితాన్ని ఆశా కార్యకర్త చదివి వినిపించేలా రాయాలి. తీయవలసిన తేదీని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు రిజిస్టరులోనూ నమోదు చేయాలి.